పూజలో కూర్చున్న గ్రాఫిక్స్ కార్డు

మా నాయన తీసిన వీడియోలో పెళ్లికూతురు తల ఎత్తాలంటే ముందు మా కంప్యూటరు ఒప్పుకోవాలి. అది ఆలోచించుకుని తల ఎత్తించేలోపల తాళి కట్టడం అయిపోయేది. మేళం వాళ్లు బుగ్గలు పూరించుకుని రాళ్లలా నిలబడి ఉంటే వెనక నుంచి గట్టిమేళం వినిపించేది. ఇక మిక్సింగ్ ఇంట్లోనే చేస్తానని ఆయన చిత్తూరు దాకా చెప్పుకున్న తరవాత బయటపడిన సంగతి ఇది.

పూతలపట్టు క్రాసులో మాకు ఫోటో స్టూడియో ఉండేది. ముందు గది స్టూడియో, వెనక రెండు గదులు ఇల్లు, మధ్యలో ఒక తెర. మా అమ్మ తాళింపు వేసే వేళకు ఎవరైనా ఫోటో దిగడానికి వస్తే కళ్లనీళ్లతో దిగి వెళ్లేవాళ్లు. మా చుట్టుపక్కల రేషన్ కార్డుల్లో జనం అంత దుఃఖంగా ఎందుకున్నారని ప్రభుత్వం ఎప్పుడూ అడగలేదు.

అన్నం పెట్టేది మాత్రం పెళ్లి వీడియోలు. నాయన వీడియో తీసి, ఆ క్యాసెట్లను తిరుపతిలో మిక్సింగ్ చేసే ఒకాయనకు ఇచ్చేవాడు. ఆయన వాటికి పేర్లు ఎక్కించి, పూలు చల్లి, దంపతులను హృదయాకారంలో ఇరికించి తిరిగి ఇచ్చేవాడు. మొదటి కాన్పులోపల చేతికొస్తే తొందరగా వచ్చినట్టే. అంతా బాగానే నడుస్తుండగా ఆ మిక్సింగ్ ఆయన తానే రెండు కెమెరాలు కొని పెళ్లిళ్లు ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. ఏ ఊళ్లో ఎవరింట్లో పెళ్లీడు పిల్లలున్నారో మా క్యాసెట్లు చూసి చూసి ఆయనకు మాకంటే బాగా తెలుసు. మా పార్టీలు ఒక్కొక్కటే అటు జారిపోయాయి. అప్పుడు నాయన, మా కాలేజీ సీనియర్ ఒకడు అమ్మేస్తున్న కంప్యూటరును కొని, స్టూడియోలో కెమెరా బీరువా పక్కన పెట్టాడు.

మిగిలిన పార్టీల్లో పెద్దది, మామిడితోటలు గుత్తకు పట్టే ఒకాయనది. ఆయన పెద్దకూతురి పెళ్లి శ్రావణంలో నాయనే తీశాడు. చిన్నకూతురి పెళ్లి కార్తీకంలో. దానికీ ఇప్పుడే మాట తీసుకుందామంటే, కాయ కోసి చూడందే తోట మాట్లాడే మనిషి కాదాయన.

“పెద్దదాని వీడియో సూపియ్యప్పా ముందు. దాన్ని సూసి సిన్నదాని మాట సెప్తా” అన్నాడు.

ఆయన బంధువుల పెళ్లిళ్లన్నీ ఆయన వెనకనే నడుస్తాయి. ఆయన తిరుపతి వైపు తిరిగితే మాకు మిగిలేది రేషన్ కార్డులే. దసరా అయిన ఆదివారం కొత్త అల్లుడు వస్తాడు, ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారు. ఆలోపల సీడీ వాళ్ల చేతిలో ఉండాలి.

నాయన ఒక పేజీని నమ్ముకున్నాడు. మిక్సింగ్ సాఫ్ట్‌వేరులో అదొక ఎఫెక్టు. తెర మీది దృశ్యం ఆల్బంలో పేజీలా మడతపడి తిరుగుతుంది, దాని కింద నుంచి తరవాతి దృశ్యం వస్తుంది. తిరుపతి ఆయన దగ్గర ఇది లేదని నాయన కనుక్కున్నాడు. మా దగ్గర ఉంది గానీ తిరగదు. నొక్కితే పేజీ సగం లేచి, గాల్లో ఆగి, కంప్యూటరు మొత్తం ఆరిపోయేది. మళ్లీ వేస్తే, బోర్డులో ఉన్న గ్రాఫిక్స్ ఈ పనికి చాలదు, విడిగా కార్డు వేసుకోమని ఇంగ్లీషులో వచ్చేది. నాయన దాన్ని ఎవరో తనను పేరు పెట్టి తిట్టినట్టు చదివేవాడు.

నాకూ ఒక కష్టముంది. కాలేజీలో అందరూ ఆడే కారు పందేల ఆట మా కంప్యూటరులో తెరిస్తే ముందు ఆకాశం వచ్చేది. తరవాత రోడ్డు. నా కారు వచ్చేసరికి పందెం అయిపోయి ఎవరో గెలిచి ఉండేవాళ్లు. అలా తండ్రి పేజీ, కొడుకు కారు ఒకే కార్డు కోసం కాచుకుని ఉన్నాయి. మా ఇద్దరికీ ఒక విషయంలో మాట కలవడం అదే మొదటిసారి కాబట్టి అమ్మకు మా మీద అనుమానం వచ్చింది.

కార్డు ఎంచే బాధ్యత నాది. రోజూ బస్సులో తిరుపతికి పోయి ఇంజినీరింగ్ చదువుతున్నాను గనక అవన్నీ నాకు తెలుస్తాయని ఇంట్లో నమ్మకం. మేము చదివేది ఆనకట్టలూ వంతెనలూ అని నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. హాస్టల్లో సలహా అడిగితే గదికొక మతం బయటపడింది. ఒకడు మెమరీ ఎన్ని ఎంబీలో లెక్కబెట్టమన్నాడు. ఒకడు ఫ్యాన్ సైజు చూడమన్నాడు, ఫ్యాన్ పెద్దదైతే లోపల ఏదో గొప్పది కాలుతున్నట్టట. ఒక సీనియర్ మాత్రం, వీడియో పనికి కార్డు కంటే ప్రాసెసరూ ర్యామూ ముఖ్యమనీ, కార్డు ఆ పేజీ లాంటి సోకులకే పనికొస్తుందనీ, ఆటలకైతే అదే ప్రాణమనీ చెప్పాడు. ఆ మాట ఉన్నదున్నట్టు నాయనకు చేరవేశాను. ఆయనకు కావలసింది పేజీ తిరగడం. దాన్ని ఏది తిప్పితే నాకేమి అన్నాడు.

ఆయుధపూజ రోజు పొద్దున్నే నాయన డబ్బు నా చేతిలో పెట్టి, “సిన్నపిల్ల పెండ్లికి అడ్వాన్సు వచ్చినట్టు అనుకోని ఇస్తాండా. మించితే నడిసి రావాల్సొస్తాది” అన్నాడు.

తిరుపతిలో ఆ అంగడి ఒక మిద్దె మీద ఉంటుంది. అంగడాయన నాకు అందుబాటులో ఉన్న రెండు కార్డులు బల్ల మీద పెట్టాడు. ఒకదానికి ఎంబీలు ఎక్కువ, ఫ్యాన్ లేదు. ఇంకోదానికి ఎంబీలు సగమే గానీ ఫ్యాన్ ఉంది, పనిలో మాత్రం ఇదే వేగమట. ఎక్కువున్నది మెల్లగా, తక్కువున్నది వేగంగా ఎలా అవుతుందని అడిగితే, గ్లాసు పెద్దదైనంత మాత్రాన గొంతు పెద్దది కాదుగా అన్నాడు. నాకు నచ్చింది. ఫ్యాన్ ఉన్నది తీసుకున్నాను. అప్పుడు ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

“తమ్ముడూ, మీ బోర్డులో యే స్లాటుండాది? ఏజీపీనా, పీసీఐ ఎక్స్‌ప్రెస్సా?”

కార్డు గుచ్చే స్లాటుల్లో పాతదైన ఏజీపీ పోయి కొత్తదైన ఎక్స్‌ప్రెస్ వస్తున్న కాలం అది. దాని కార్డు దీనికి పట్టదు, దీనిది దానికి పట్టదు. మా బోర్డులో ఏముందో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి రెండు సెకన్లు చాలు. కానీ పక్కన ఇంకో ఇద్దరు ఇంజినీరింగ్ పిల్లలు నిలబడి ఉన్నారు. ఎక్స్‌ప్రెస్ అన్నాను. పాసింజరు అనే వాడెవడు?

పట్టకపోతే రేపు సాయంత్రం లోపల తెస్తే మారుస్తాననీ, సీలు మాత్రం ఊడగూడదనీ చెప్పి అంగడాయన కవర్లో పెట్టి ఇచ్చాడు.

చంద్రగిరి దాటేదాకా నేను మహరాజును. దాటాక, ఎందుకో, మాకు కంప్యూటరు అమ్మిన సీనియర్ ఆ రోజు దాని మూత తీసి దుమ్ము ఊదిన సంగతి గుర్తొచ్చింది. లోపల తెల్లవి రెండు మూడు స్లాట్లు, వాటి పైన వక్కరంగులో ఒకటి. వక్కరంగుదంటే ఏజీపీ, నలుపుదైతే ఎక్స్‌ప్రెస్. లేక వక్కరంగుది నేను వేరే వాళ్ల కంప్యూటరులో చూశానా? ఒకసారి నలుపనిపించింది, ఒకసారి వక్కరంగనిపించింది. సీట్లో కుదురుగా కూర్చోలేక లేచి నిలబడ్డాను. నిలబడినందువల్ల స్లాటు రంగేమీ తేలలేదు, సీటు మాత్రం పోయింది. మిగతా దారంతా ఇల్లు చేరగానే మూత తీసి చూడాలన్న ఒకే ఆలోచనతో కమ్మీ పట్టుకుని వేలాడాను.

ఇల్లు చేరేసరికి కంప్యూటరు దేవుడి ముందు ఉంది.

మా వైపు ఆయుధపూజ అంటే ఇంట్లో పని చేసే వస్తువులన్నిటికీ సెలవు. అమ్మ అన్నిటినీ కడిగి, తుడిచి, దేవుడి పటాల ముందు వరసగా పెట్టేసింది. కెమెరా, స్టాండు, లైట్లు, నాయన స్కూటరు తాళం, కత్తిపీట, గ్రైండరు మూత. వాటి మధ్యలో కంప్యూటరు క్యాబినెట్టు, చామంతి దండ వేసుకుని, విభూతి రేఖలు పెట్టుకుని, పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు కూర్చుని ఉంది. పూజలో పెట్టినదాన్ని మర్నాడు పొద్దున మళ్లీ దీపం పెట్టి కదిలించేదాకా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే సంవత్సరమంతా ఆ పనిముట్టుతో పేచీనే అని అమ్మ నమ్మకం. అది నాతో అప్పటికే పేచీ పెట్టుకుని ఉంది గనక ఆ బెదిరింపు నాకు పెద్దగా పట్టలేదు. కానీ నాలుగు స్క్రూలు విప్పాలని అడిగితే అమ్మ చూసిన చూపు పట్టింది.

“దేవుని ముందర కూసున్నదాన్ని ఇప్పుతావా? నీ కడుపు కోసి సూస్తే ఊరుకుంటావా?” అంది.

సరే, కనీసం కార్డు జాగ్రత్తగా పెడదామనుకున్నాను. కాళ్లు కడుక్కుని వచ్చేలోగా అదీ పూజలో ఉంది. డబ్బాతో కాదు. అమ్మ సీలు తెంచి, వెండిరంగు కవరు విప్పి, కార్డును బయటికి తీసి తమలపాకు మీద పడుకోబెట్టింది. కింది అంచున ఉన్న బంగారు రంగు పళ్లు చూసి ఆమెకు దాని మీద గౌరవం పెరిగినట్టుంది.

“దీనికి నొసలు యాడరా?” అని అడిగింది నన్ను చూసి.

నేను నోరు తెరిచేలోగా తానే తేల్చుకుంది. ఫ్యాన్ నట్టనడుమ గంధం, గంధం మీద కుంకుమ. పక్కనున్న ఇనపరేకు మీద విభూతి. ఏ కార్డూ అంత నిండుగా నాకు మళ్లీ ఎప్పుడూ కనపడలేదు.

పొద్దు గూకేదాకా నేను ఇంట్లోంచి రోడ్డు మీదికి, రోడ్డు మీంచి ఇంట్లోకి తిరిగాను. ఒకసారి టార్చి వేసి క్యాబినెట్టు పక్కరేకు కంతల్లోంచి చూద్దామనుకుంటే టార్చి కూడా బొట్టు పెట్టుకుని వరసలో ఉంది. మామిడితోటల ఆయన మా ఇంట్లో బొరుగులూ పప్పులూ తీసుకోవడానికి అప్పుడే వచ్చాడు. కంప్యూటరును ఎగాదిగా చూసి, ఇది బాగా విశ్రాంతిగానే ఉన్నట్టుందే, ఆదివారానికి లేస్తుందా అని అడిగాడు. లేస్తుందని నాయన నవ్వాడు. నాయన చేతిలో వెలిగిన అగ్గిపుల్ల వత్తి దాకా పోకుండా అలాగే ఆగి ఉండడం నేను చూశాను.

పూజ మొదలైంది. అప్పుడు నాకు దారి దొరికింది. హారతి నేనిస్తానన్నాను.

ఇంజినీరింగులో సీటొచ్చిన రోజు కూడా అమ్మ ముఖంలో అంత వెలుగు లేదు. పళ్లెం చేతికిచ్చి, తాను గంట అందుకుంది. నేను పటాలకు మూడు చుట్లు తిప్పి, కెమెరాకు తిప్పి, కత్తిపీటకు కూడా మొహమాటానికి ఒకటి తిప్పి, క్యాబినెట్టు దగ్గర కూర్చుండిపోయాను. పళ్లేన్ని పక్కరేకు కంతల దగ్గరికి తీసుకుపోయి, తల వంచి, ఒక కన్ను మూసి చూశాను. లోపల కేబుళ్లు. కొంచెం పైకి. మళ్లీ కేబుళ్లు. కర్పూరం అయిపోవస్తోంది. అమ్మ ఇంకో బిళ్ల వేసి, కొడుకు భక్తికి కళ్లు ఒత్తుకుంది. ఆ రెండో బిళ్ల వెలుగులో కనపడింది. వక్కరంగు స్లాటు. ఏజీపీ. గంట గణగణ మోగుతూనే ఉంది.

అమ్మ లోపలికి వెళ్లాక నాయన దగ్గర కూర్చున్నాను.

“నాయనా, ఆ కార్డు మన బోర్డుకు పట్టదు.”

“నీకెట్ల తెలిసె?”

“హారతిలో కనపడింది.”

నాయన కొన్ని పప్పులు నమిలాడు. “దేవుడు కనపడల్యా?”

“కేబులు అడ్డమొచ్చింది.”

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది, ఆ పని అయిపోయేది. రేపు నాతోపాటు తానూ తిరుపతికి వస్తానని మాత్రం అన్నాడు.

విజయదశమి పొద్దున అమ్మ దీపం పెట్టి వరసను కదిలించగానే కార్డును డబ్బాలో పెట్టుకుని మొదటి బస్సెక్కాం. అంగడాయన అప్పుడే గుమ్మానికి మామిడాకులు సర్దుతున్నాడు. నేను డబ్బా బల్ల మీద పెట్టబోతే చేయి అడ్డం పెట్టాడు.

“అన్నా, ఇయ్యాల విజయదశమి. ఇంకా బోణీ కాలేదు. వాపసుతో మొదలుపెడితే యాడాదంతా వాపసులే వస్తాయి. యెవురన్నా ఒకరు యేమన్నా కొననీ, ఆ పైన మీది సూస్తా.”

న్యాయమే. కూర్చున్నాం. ఎవరూ రాలేదు. కింద వీధిలో కొండ దిగిన యాత్రికులు కొత్త గుండ్ల మీద గంధం పూసుకుని, చెక్కబొమ్మలూ లడ్డు సంచులూ మోసుకుని పోతున్నారు. కొండ దిగిన మనిషికి ర్యామ్ కొందామని అనిపించదు. మెట్ల మీద చప్పుడైతే ముగ్గురం లేచేవాళ్లం. ఒకసారి ఎవరిదో అడ్రసు అడిగేవాడు. ఇంకోసారి చందాకు వచ్చినవాళ్లు. వాళ్లకిస్తే అది బోణీ కింద రాదు, పైగా ఎదురు ఖర్చు. నేను కాళ్లు ఊపుతుంటే నాయన నా మోకాలి మీద చెయ్యి పెట్టి ఆపాడు. చెయ్యి తీయగానే ఆయన కాలు ఊగడం మొదలుపెట్టింది. అప్పుడు ఆయన గోడకున్న అరల వంక చూశాడు.

“ఖాళీ సీడీలు ఎట్టా కావాల్సిందే గదరా మనకు. ఒక కట్ట ఇయ్యప్పా.”

అంగడాయన సందేహించాడు. వాపసు ఇవ్వడానికొచ్చిన చేత్తో బోణీ ఏమిటని ఆయన బాధ. కొన్నది ముందు, వాపసు తరవాత, కాబట్టి వాపసు రెండో బేరమవుతుందని నేను వాదించాను. నాయన డబ్బు చాచి పట్టుకునే ఉన్నాడు. చివరికి ఆయన ఆ నోట్లను కళ్లకద్దుకుని గల్లాలో వేసి, మా డబ్బా తెరిచాడు.

తెరిచి చాలాసేపు చూశాడు. సీలు సంగతి ఆయన ఎత్తనేలేదు. ఫ్యాన్ నడుమ గంధం ఎండి, దాని మీద కుంకుమ చెక్కుచెదరకుండా ఉంది.

“మా అమ్మ పెట్టింది” అన్నాను. అంతకంటే సాంకేతికమైన వివరణ నా దగ్గర లేదు.

ఆయన మెల్లగా తల తిప్పి తన అంగడిని చూసుకున్నాడు. నేనూ చూశాను. అరల్లో ఉన్న ప్రతి డబ్బాకూ బొట్టుంది. మౌసులకూ మానిటర్లకూ, లెక్కలు చేసే క్యాలిక్యులేటరుకూ ఉంది.

“మా అమ్మ బయటంతా పెట్టింది అన్నా,” అన్నాడు నాయనతో. “లోపల పెట్టాలని తోచలేదు పాపం.” పూజ చేసినదాన్ని తుడవడానికి ఆయనకూ చేయి రాలేదు. అలాగే డబ్బాలో పెట్టి అరలోకి ఎక్కించాడు.

ఇక ఏజీపీ. దానిలో ఆయన దగ్గర మిగిలింది ఒక్కటే. ఫ్యాన్ లేదు, అల్యూమినియం ముక్క ఒకటి అంటించి ఉంది. ఎంబీలు చెప్పుకోదగ్గవి కావు. పేజీ తిరుగుతుందా అని నాయన అడిగాడు. తిరుగుతుందన్నాడు. కారు తిరుగుతుందా అని నేను అడిగాను. ఆయన నన్ను జాలిగా చూసి, మద్రాసుకు ఫోను చేస్తే ఫ్యాన్ ఉన్న మంచి ఏజీపీ కార్డు తెప్పిస్తాననీ, పండగ రోజులు గనక వచ్చే బుధవారానికి వస్తుందనీ చెప్పాడు. దాంట్లో పేజీ, కారు రెండూ తిరుగుతాయి. ధర ఇంచుమించు ఒకటే.

బుధవారం అంటే ఆదివారం దాటిపోతుంది. నాయన బోణీ సీడీల కట్టను ఒళ్లో పెట్టుకుని, దాని మీది కవరును వేలితో సాపు చేస్తూ కూర్చున్నాడు.

“నువ్వే సెప్పురా” అన్నాడు చివరికి. “కార్డు నీ డిపార్టుమెంటు.”

“ఇదే ఇచ్చేయండి” అన్నాను. త్యాగం చేసినవాళ్లు తరవాత ముఖం ఎక్కడ పెట్టుకుంటారో నాకు తెలియక, ఆ అల్యూమినియం ముక్క నాణ్యతను కాసేపు పరిశీలించాను.

ఇంటికి రాగానే వేశాం. పట్టింది. నాయన నొక్కాడు. పేజీ లేచింది, గాల్లో ఆగుతుందేమోనని ఇద్దరం తెర మీదికి వంగాం, పూర్తిగా తిరిగి అవతల పడుకుంది. ఆయన మళ్లీ తిప్పాడు. సాయంత్రం దాకా తిప్పుతూనే ఉన్నాడు. ఆ ఉత్సాహంలో గౌరీపూజకు ఒక పేజీ, మంగళస్నానాలకు ఒక పేజీ, భోజనాల బంతిలో అప్పడానికీ పాయసానికీ మధ్య ఒక పేజీ తిప్పేశాడు. ఆయన కాఫీకి లేచినప్పుడు నేను నా ఆట తెరిచాను. కారు కదిలింది. ఎడ్లబండి దాన్ని దాటిపోగలదు, అది వేరే సంగతి.

ఆదివారం మామిడితోటల ఆయన ఇంట్లో టీవీ ముందు చాపలు పరిచారు. అల్లుడు కుర్చీలో, మిగతావాళ్లు నేల మీద. నేనూ నాయనా గోడకు ఆనుకుని నిలబడ్డాం. నాయన టీవీ చూడలేదు. ఆ ఇంటాయన ముఖమే చూస్తూ ఉన్నాడు. మొదటి పేజీ తిరిగింది. ఆయన ముఖంలో ఏమీ లేదు. రెండోది, మూడోది. ఏమీ లేదు. తాళిబొట్టు దగ్గర ఆయన భార్య కళ్లు తుడుచుకుంది, ఆయన వక్క వేసుకున్నాడు. సీడీ అయిపోయింది.

“బాగుండాదప్పా” అన్నాడాయన తాపీగా. “సిన్నదానిది గూడా నువ్వే తియ్యి. కానీ ఆ కాయితం తిరిగేది వద్దు. మనిషిని సూస్తా ఉండంగానే మొహం మడిసేస్తాండాది.”

నాయన తలూపాడు. నాకు నవ్వొచ్చింది, గోడ వైపు తిరిగాను. ఒక పేజీ కోసం చేసిన పూజలూ ప్రయాణాలూ అన్నీ ఆ వక్కతోపాటు నమిలి ఉమ్మేశాడు. మేము చెప్పులు వేసుకుంటుంటే ఆయన గుమ్మం దాకా వచ్చి, లోపలివాళ్లకు వినపడకుండా నాయన చెవి దగ్గర వంగాడు.

“పూర్తిగా తీసెయ్యొద్దులే. మా తమ్ముడోళ్లు వచ్చే కాడ తిప్పు.”

తోట గట్టు విషయంలో ఆ అన్నదమ్ములకు మాటల్లేవు. కార్తీకంలో చిన్నకూతురి పెళ్లికి తమ్ముడు కుటుంబంతో వచ్చాడు, ముందు వరసలో కూర్చున్నాడు, కెమెరా వైపు తిరిగినప్పుడల్లా నవ్వాడు. మిక్సింగ్ కుర్చీలో నాయన ఆయన నవ్వు మొదలైన ప్రతిచోటా పేజీ తిప్పాడు. ఫ్యాన్ లేని ఆ కార్డు ఒక్కసారి కూడా ఆగలేదు.